పిల్లికి ఆపరేషనా అని నవ్వకండి!

(ప్రొద్దుటూరు గ్రామీణ విలేకరి)

ఎనుము ఒక పూట మేత మానేస్తే తెల్లవారేలోగా డాక్టరు కోసం పరుగెత్తుతాం. ఎద్దు కుంటితే పని మానుకుని దాని కాలు చూపిస్తాం. గొర్రెలకు ఏటా టీకాలు వేయిస్తాం. మరి ఇంట్లో బస్తాల నడుమ తిరుగుతూ ఎలుకలు పట్టే పిల్లికి జబ్బు చేస్తే ఏం చేస్తాం? ఏమీ చేయం. ‘పిల్లికి కూడా ఆస్పత్రా!’ అని నవ్వుతాం. ఈ విలేకరి కూడా అలా నవ్వినవాడే. ఆ నవ్వు ఎందుకు ఆగిపోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా ఊరు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నడుమ ఉంది. నల్లరేగడి నేల. శనగే ప్రధాన పంట. ఒక కార్తీక మాసంలో వాన పడుతున్న రాత్రి బూడిద రంగు మీద నల్లచారలున్న ఊరపిల్లి ఒకటి మా వసారాలోకి వచ్చింది. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. మా పాప తన పళ్లెంలోని పెరుగన్నం దానికి పెట్టింది. మరునాడూ వచ్చింది. ఆ తర్వాత ఇక పోలేదు.

మా అమ్మకు ఇది నచ్చలేదు. ‘ఎనుమును పెంచితే పాలిస్తుంది. పిల్లిని పెంచితే పాలు తాగుతుంది’ అంది. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునే కాలం మనిషి ఆమె. కాని శనగ ఇంటికి వచ్చిన తర్వాత ఆమె మాట కొంత మెత్తబడింది. అంతకు ముందు ఏడాది మా ఇంట్లో నాలుగు బస్తాలకు ఎలుకలు చిల్లులు పెట్టాయి. పిల్లి వచ్చిన ఏడాది ఒక్క బస్తాకూ చిల్లు పడలేదు.

పిల్లికి, రైతుకు ఉన్న సంబంధం ఈనాటిది కాదు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 సంవత్సరాల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టినట్లు 2004లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. మనిషి ధాన్యం నిలవ చేసుకున్నాడు, ధాన్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చింది. జమ్మలమడుగు పక్క శనగ నిలవలకైనా, ప్రొద్దుటూరు బట్టల దుకాణాలకైనా, పులివెందుల పక్క అరటి, చీనీ తోటల్లో డ్రిప్పు పైపులకైనా ఎలుకలే శత్రువులు. జీతం అడగని కాపలాదారు పిల్లి ఒక్కటే.

సంచిలో పోయిన కూనలు

శివరాత్రి దాటిన తర్వాత మా పిల్లి ఈనింది. నాలుగు కూనలు. ఒకదాన్ని పక్కింటివాళ్లు తీసుకున్నారు. ఒకదాన్ని కుక్క పట్టింది. మిగిలిన రెండూ వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో చచ్చిపోయాయి. ‘దిష్టి తగిలింది’ అన్నారు. కూనలను ఇలా తుడిచిపెట్టే అంటురోగం ఒకటి ఉందని, దానికి టీకా ఉందని తర్వాత తెలిసింది.

ఆషాఢంలో మళ్లీ ఈనింది. ఈసారి ఐదు. ‘ఇల్లంతా పిల్లులే అయితే ఎట్లరా? తీసకపోయి యాడన్నా వదిలేసి రాపో’ అంది అమ్మ. ఊరిలో అందరూ చేసేదే. కూనలు కళ్లు తెరిచి వారం కూడా కాలేదు. గోనె సంచిలో వేసుకుని సైకిల్ మోటారు మీద పెన్న ఒడ్డుకు పోయాను. ఏట్లో నీళ్లు లేవు. కంపచెట్టు కింద సంచి మూతి విప్పి పెట్టి, ‘ఎవరో ఒకరు తీసుకుంటారులే’ అని నాకు నేనే చెప్పుకుని తిరిగి వచ్చాను.

రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి పోయి చూశాను. సంచి ఉంది. కూనలు లేవు. ఇసుక నిండా కుక్కల అడుగులు.

ఇంట్లో తల్లిపిల్లి మూడు రోజులు తిండి ముట్టలేదు. గాదె వెనక, కట్టెల మోపు కింద, అటక మీద వెదుకుతూ అరిచింది. ‘పిల్లలేవి నాయనా?’ అని పాప అడిగింది. ‘వేరే వాళ్లకు ఇచ్చినా’ అన్నాను. ‘ఎవరికి?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమివ్వాలని మన పెద్దలు చెబుతారు. అందుకే కాబోలు, మనం చంపం. సంచిలో వేసి వదిలేస్తాం. పాపం కుక్కలకు, ఎండకు అప్పగిస్తాం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలిపెట్టడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం చెబుతున్నది. ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. జరిమానాకు భయపడి ఎవరూ మానరు. వేరే దారి ఉందని తెలిస్తే మానవచ్చు.

లెక్క వేసి చూడండి

పిల్లి చూలు మోసేది సుమారు తొమ్మిది వారాలు. ఆడకూన నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే ఎదకు రావచ్చు. కూనలు పోయిన పిల్లి కొద్ది వారాల్లోనే మళ్లీ ఎదకు వస్తుంది. ఏడాదికి రెండు, మూడు ఈతలు. ఈతకు నాలుగు చొప్పున వేసుకున్నా ఎనిమిది నుంచి పన్నెండు కూనలు. వాటిలో సగం ఆడవైతే, ఏడాది తిరగకముందే అవీ ఈనడం మొదలుపెడతాయి. ఏ ఇంటికి అన్ని పిల్లులు కావాలి? అంటే సంచులతో పెన్నకు పోవడం ఆగదు. సంచి మోయడం మానాలంటే ఈతే ఆపాలి.

అప్పుడే ఆపరేషన్ మాట ఆలోచించాను. పట్నాల్లో చేస్తారని విన్నాను గాని మన పక్క చేస్తారో లేదో తెలియదు. మొదట పోయిన ఒక చోట ‘మేము గొడ్లను చూస్తాము, పిల్లులను కాదు’ అని నవ్వి పంపించారు. నిజానికి మన జిల్లాలో పశువైద్యానికి కొదవ లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చింది. పులివెందులలో పశు పరిశోధన కోసం పెద్ద కేంద్రమే కట్టారు. 2022 మే నెలలో రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. వాటి కోసం చేయవలసిన ఫోను నంబరు 1962. పశువైద్య పట్టా పొందిన ప్రతి డాక్టరూ ఎనుముతో పాటు కుక్క, పిల్లి వైద్యం కూడా చదివినవారే. మనం అడగం గనుక వారికి ఆ పని తగలదు. ఆ పని తగలదు గనుక కొన్ని చోట్ల ఏర్పాట్లూ ఉండవు.

గంపలో ప్రయాణం

చివరికి ప్రొద్దుటూరులో ఒక డాక్టరు గారు సరేనన్నారు. ‘పాలు ఆరిపోనివ్వండి. నెల రోజుల తర్వాత తీసుకురండి. అందాకా గండుపిల్లి దగ్గరికి రాకుండా ఇంట్లో పెట్టుకోండి’ అని చెప్పారు. ఆ నెల రోజులు మా ఇంటి చుట్టూ గండుపిల్లుల కచేరీ సాగింది. కిటికీకి వల కట్టాం. తలుపు తీసినప్పుడల్లా పాప కాపలా.

ముందు రోజు రాత్రి తొమ్మిది తర్వాత తిండి పెట్టలేదు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పట. తెల్లవారి గంపలో పాత చీర పరిచి పిల్లిని కూర్చోబెట్టి, మీద ఇంకో గంప బోర్లించి తాడుతో కట్టాం. చేతుల్లో పట్టుకుని పోతే దారిలో బెదిరి దూకుతుంది, రక్కుతుంది. ఆటోలో ఒకాయన ‘ఏమన్నా, పందెం పుంజా?’ అని అడిగాడు. పిల్లి అని, ఆపరేషన్‌కని చెప్పేసరికి ఆటో అంతా ఒకటే నవ్వు. జమ్మలమడుగు పక్క నుంచి వస్తున్న ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ‘మా ఇంట్లో దానికీ చేస్తారా నాయనా?’ అని అడిగింది.

డాక్టరు గారు ముందుగా పిల్లిని తూచారు. మత్తుమందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. జ్వరం చూశారు. చిగుళ్లు పాలిపోయాయేమో చూశారు. తర్వాత మత్తు సూది వేసి, పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, చిన్న కోత పెట్టి అండాశయాలను, గర్భసంచిని తీసివేసి కుట్లు వేశారు. పిల్లికి నొప్పి తెలియదు. మగపిల్లికైతే ఇంకా సులువు. పొట్ట కోయకుండా వృషణాలు తీసివేస్తారు. గండుపిల్లి రాత్రిళ్లు ఊరి మీద తిరగడం, కొట్లాడి చీము పుండ్లతో రావడం, గోడల మీద కంపు మూత్రం చల్లడం చాలావరకు తగ్గుతాయి.

ఆటో చార్జీలు, మందులు, ఆపరేషన్ అన్నీ కలిపి నాకు అయిన ఖర్చు శనగ బస్తా వెలలో సగం కూడా కాలేదు. ఎలుకలు కొట్టిన నాలుగు బస్తాలతో పోల్చుకుంటే ఇది ఎంత?

ఊరివాళ్ల అనుమానాలు

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి రచ్చబండ దగ్గర నన్ను అడగని ప్రశ్న లేదు. అందరికీ పనికివస్తాయని డాక్టరు గారు చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఆపరేషన్ చేస్తే ఎలుకలు పట్టదు కదా? పడుతుంది. వేట బుద్ధికి, గర్భసంచికి సంబంధం లేదు. కాని తిండి కాస్త తగ్గించాలి. లేకుంటే ఒళ్లు వస్తుంది.

ఒక ఈతైనా ఈనకపోతే దోషం కదా? ఆ మాట నిజం కాదు. మొదటి ఎదకు ముందే, అంటే ఐదు, ఆరు నెలలకే చేయిస్తే పొదుగు గడ్డల భయం బాగా తగ్గుతుంది. గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఇక రానే రాదు.

చూలుతో ఉంటే? అప్పుడు డాక్టరు చూసి నిర్ణయిస్తారు. అందుకే ముందుగా పోవడం మేలు.

ఇంటికి తెచ్చిన తర్వాత ఏం చేయాలి? గాలి తగిలే నీడ గదిలో నేల మీదనే పడుకోబెట్టాలి. అటక, మంచం మీద పెడితే మత్తులో పడిపోతుంది. తల నిలబెట్టేదాకా నీళ్లు కూడా పోయరాదు. కుట్లు నాకకుండా చూడాలి. మా ఆవిడ పాత క్యాలెండరు అట్టతో మెడకు గొట్టం చేసి కట్టింది. పది నుంచి పద్నాలుగు రోజులకు కుట్లు తీస్తారు. కుట్ల దగ్గర వాపు, చీము, రక్తం కనిపించినా, మరునాటికి కూడా తిండి ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. బూడిద, కిరసనాయిలు వంటివి పుండు మీద వేయరాదు.

మనకు మందు, దానికి విషం

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. పిల్లి నొప్పితో మూలుగుతున్నదని జ్వరం బిళ్ల పాలలో కలిపి పోసేవాళ్లున్నారు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క బిళ్ల చాలు, ప్రాణం పోవడానికి. మనిషి లివరు విరిచేయగల ఆ మందును పిల్లి లివరు విరవలేదు.

రెండోది గోమార్ల మందు. గొడ్లకు పూసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు మిగిలితే పిల్లి ఒంటికి కూడా రాస్తాం. పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. గొడ్లకు పూసిన రోజు పిల్లిని కొట్టం దగ్గరికి రానీయకపోవడం మంచిది.

మూడోది ఎలుకల మందు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ ముప్పే. జింక్ ఫాస్ఫైడ్ గంటల్లో పని చేస్తుంది. బ్రోమోడయోలోన్ రోజుల తరబడి లోపల రక్తం కార్చి చంపుతుంది. రెండో దానికి విటమిన్ కె విరుగుడు ఉంది. వెంటనే తీసుకుపోతే బతికించవచ్చు. ఇంట్లో పిల్లినీ, ఎలుకల మందునూ ఒకేసారి పెట్టుకోవడం మన కాపలావాణ్ణి మనమే చంపుకోవడం.

పాల సంగతి కూడా చెప్పాలి. పిల్లి అంటే పాలేనని మన నమ్మకం. పెద్ద పిల్లులు చాలావాటికి ఆవు, ఎనుము పాలు అరగవు. పారుతుంది. దానికి కావలసింది మాంసం, చేప, గుడ్డు, మంచినీళ్లు.

పిల్లి గోరు గీసుకున్నా

మా పాపను ఒకసారి పిల్లి రక్కింది. అమ్మ సున్నం రాయబోయింది. రాయరాదు. కుక్క కాటుకే రేబిస్ వస్తుందని అనుకుంటాం. మనుషులకు వచ్చే రేబిస్‌లో అత్యధిక భాగం కుక్కల వల్లనే అయినా, పిల్లి కాటు, రక్కు వల్ల కూడా రావచ్చు. రేబిస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా. లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి టీకా వేసిన నాటి నుంచి నేటి వరకు సూత్రం ఒకటే, లక్షణాలు రాకముందే టీకా పడాలి. గాయాన్ని వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి పోవాలి. మా పాపకు అలాగే టీకాలు వేయించాం. పసరు మందులు, మంత్రాలు, కారం పెట్టడం వద్దు.

పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం వేయిస్తూ ఉంటే ఇంటిల్లిపాదికీ రక్ష. ఎనిమిది వారాల నుంచి మొదలుపెట్టే మరొక టీకా ఉంది. మా కూనలను తీసుకుపోయిన ఆ వాంతులు, విరేచనాల రోగానికీ, జలుబు రోగాలకూ అది కాపు. మూడు, నాలుగు వారాల ఎడంతో మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందు కూడా పట్టించాలి. పిల్లి ఒంటిపై గుండ్రంగా వెంట్రుకలు రాలితే తామర కావచ్చు. అది పిల్లలకు అంటుకుంటుంది. గర్భిణీ స్త్రీలు పిల్లి మలం ఎత్తిపోయకుండా ఆ పని వేరేవాళ్లు చేయాలి. పిల్లిని ఇంటి నుంచి వెళ్లగొట్టనవసరం లేదు.

అధికారులకు ఒక మనవి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు పట్నాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. నెలకు ఒక రోజును పిల్లుల కోసం కేటాయించి, ఆపరేషన్లు ఎక్కడ ఏ రోజు చేస్తారో గ్రామాల్లో దండోరా వేయిస్తే చాలు. ప్రొద్దుటూరు కళాశాల విద్యార్థులకు అది పాఠమూ అవుతుంది, ఊళ్లకు మేలూ అవుతుంది. ఇంటి పిల్లులే కాక, ఎవరివీ కాని ఊరపిల్లులకు కూడా ఆపరేషన్ చేసి, చెవి కొస కొద్దిగా కత్తిరించి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదిలే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. గుర్తు ఉన్న పిల్లిని మళ్లీ పట్టి మళ్లీ కోయవలసిన పని ఉండదు.

అందాకా గ్రామస్థులు కూడా అడగాలి. ఫోను చేసి ‘పిల్లికి ఆపరేషన్ చేస్తారా, ఏ రోజు?’ అని అడగడానికి సిగ్గు దేనికి? నలుగురు అడిగితే ఐదోవానికి నవ్వు ఎదురుకాదు.

కుట్లు తీసిన వారం తర్వాత మా పిల్లి ఒక పందికొక్కు పిల్లను తెచ్చి గడప దగ్గర పెట్టింది. మా అమ్మ దాని వంక చాలాసేపు చూసింది. ఆ రోజు సంతలో తెచ్చిన చేప తల తీసి దాని ముందు పెట్టింది. ‘ఇంక దీనికి ఆ ఏడుపు లేదు కదరా’ అంది. ఆషాఢంలో సంచి ఎక్కడికి పోయిందో ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఆ గోనె సంచి ఇంకా మా కొట్టంలో కొయ్యకు వేలాడుతూనే ఉంది. ఆటోలో అడిగిన ముసలమ్మకు డాక్టరు గారి చిరునామా రాసిచ్చాను. మా ఊరిలోనే ఇప్పటికి ముగ్గురు అడిగి రాయించుకున్నారు. ఒకాయన గంప కూడా అడిగి తీసుకుపోయాడు.